ఫోను ఉపవాసం

జూన్ 2, సోమవారం

దేవుడు మట్టి పిసికి, ఊపిరి ఊది, నోరిచ్చి పంపితే, నువ్వు మాట నేర్చుకోవడానికి గాజుపలక ముందు కూర్చుంటావా? జవాబు చెప్పు. తల దించుకోకు.

వచ్చే ఆదివారం ప్రసంగానికి ఇదే మొదటి వాక్యం. కొట్లో ఆంప్లిఫైరు విప్పుకుని కూర్చున్నప్పుడు తట్టింది. ఏ బడిలోనూ నేర్చుకోని నాకు మంచి వాక్యాలు టంకం వాసనలోనే తడతాయి. గ్రంథం పక్కనే, స్క్రూడ్రైవర్ల డబ్బా మీద తెరిచి ఉంటుంది. వారమంతా మైకుసెట్లు అద్దెకిస్తాను. ఆదివారం అందులో ఒకటి మందిరానికి మోసుకెళ్లి దాని ముందు నేనే నిలబడతాను. అందుకే జనం మైకు బ్రదర్ అంటారు. అననీ.

సంగతేమిటంటే, మన ప్రార్థన మందిరాన్ని వారంలో కొన్ని సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసుకి ఇచ్చారు పెద్దలు. నన్ను అడిగే ఇచ్చారు. ఇంగ్లీషు మీద నాకేం కోపం లేదు. కానీ ఆ టీచరమ్మ పుస్తకం తేలేదు, నల్లబల్ల అడగలేదు. "అందరూ ఫోన్లు తీయండి" అందట మొదటి మాటే. ఇంట్లో ఏదో ఒక వస్తువు ముందు నిలబడి, దాని గురించి ఇంగ్లీషులో మాట్లాడి, ఆ వీడియో రోజూ ఆమెకి పంపాలట. పంపే ముందు తమ గొంతు తామే వినాలట.

ఇదంతా నాకెవరు చెప్పారు? మా ఆవిడ. ఆమే చేరింది.

ఎందుకు చేరిందో నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆయా పని. రోగుల్ని ఎత్తి, పడుకోబెట్టి, పక్కకి తిప్పి తిప్పి నడుము అరిగిపోయింది. ఇంటికొచ్చాక గోడ పట్టుకుంటే గానీ చెప్పులు విడవలేదు. ఇప్పుడు వార్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చేవాళ్లతో మాట్లాడి దారి చూపించే పని ఒకటి ఖాళీ అయింది. ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు కాబట్టి ఇంగ్లీషు మాట్లాడాలి. మాట్లాడితే కుర్చీ. మాట్లాడకపోతే మళ్లీ ఎత్తడమే. ఇంకొన్నాళ్లు ఇలాగే ఎత్తితే చివరికి ఆవిణ్ణే ఎత్తాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

నేర్చుకోనీ. కానీ నోటితో నేర్చుకోవచ్చు కదా, ఫోనుతో ఎందుకు.

జూన్ 5, గురువారం

ఫోను పట్టుకోమంది.

"ఏమండీ, నా చెయ్యి వణుకుతోంది. కాస్త పట్టుకోండి. ఎర్ర చుక్క నొక్కి ఊరుకోండి."

ఊరుకోండి అన్న మాట కాస్త ఒత్తి పలికింది. స్టవ్వు ముందు నిలబడి కొంగు సర్దుకుంది. "దిస్ ఈజ్..." అని ఆగింది.

"గట్టిగా" అన్నాను. మైకు పనివాణ్ణి, గొంతు తగ్గితే నా ప్రాణం ఒప్పదు.

"దిస్ ఈజ్ మై స్టవ్."

"గ్యాస్ స్టవ్ అను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"మాట్లాడకండి, రికార్డవుతోంది."

"నేనెక్కడ మాట్లాడాను? నువ్వు కానీ. అగ్గి దేవుడిచ్చాడని కూడా చెప్పు. అగ్గిని ఏమంటారు?"

"ఏమండీ."

"ఫైర్. అది నాకే తెలుసు. ఫైర్ అను."

మొత్తానికి చెప్పింది. చివర థాంక్యూ అంది. నేను ఆమెన్ అన్నాను. అలవాటు. మళ్లీ తీద్దాం అంటుంటే, బాగా వచ్చింది పంపించెయ్ అన్నాను.

సాయం చేసిన తృప్తి ఉంది. గ్రంథంలో నాలుక బరువైన ప్రవక్త ఒకాయన ఉన్నాడు కదా. ఆయన తరఫున ఆయన అన్నగారు రాజు ముందు నిలబడి మాట్లాడాడు. పని జరిగిందా లేదా? నేనూ ఆ అన్నలాంటివాణ్ణే.

జూన్ 7, శనివారం

ఇవాళ బకెట్టు. నేనే పట్టుకున్నాను. బాగా వచ్చింది.

జూన్ 8, ఆదివారం

గాజుపలక వాక్యం దద్దరిల్లింది. జనం కళ్లు దించుకున్నారు. మంచి ఊపులో ఉండగా ఎవరిదో ఫోను మోగింది. ఎవరిదని గద్దించాను. నా జేబులోదే.

జూన్ 10, మంగళవారం

మా ఆవిడలో ప్రార్థన పెరిగింది. గిన్నెలు తోముతున్నా, బట్టలు పిండుతున్నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. శబ్దం పైకి రాదు. చూపు ఎక్కడో. చూసీ చూడనట్టు పక్కకి తప్పుకున్నాను. ఇన్నాళ్ల ప్రసంగాల ఫలం ఇంట్లోనే కనిపిస్తే స్తోత్రం చెప్పుకోకుండా ఎలా ఉంటాను.

మధ్యాహ్నం టీచరమ్మ కొట్టుకి వచ్చింది. చిన్నపిల్ల. జడలో పెన్సిలు గుచ్చుకుని మర్చిపోయి దానికోసం సంచి వెతుక్కునే రకం.

"బ్రదర్‌గారూ, శనివారం మా వాళ్ల వీడియోలు గోడకి దుప్పటి కట్టి వేస్తున్నాను. బొమ్మ పెద్దగా వస్తుంది గానీ గొంతే, దోమ పాడినట్టుంటుంది. మీ సెట్టు కావాలి."

"ఫోనుకి మైకుసెట్టు తగిలించాలా? ఆ రెంటికీ పడదమ్మా."

"మైకూ యంత్రమే కదండీ."

"మైకు వెనకాల మనిషి ఉంటాడు."

"ఫోను వెనకాలా ఉంటారండీ. మా వీడియోల వెనకాల అయితే గట్టిగానే ఉంటారు."

ఎందుకో నవ్వింది. నాకు అర్థం కాలేదు. అసలు పాఠానికి ఇదంతా దేనికని అడిగాను.

"క్లాసులో వాళ్లు మాట్లాడితే నేనొక్కదాన్నే వింటానండీ. తప్పు పోతే అందరి ముందూ పోతుంది, ఇక మళ్లీ నోరు తెరవరు. ఫోనులో అయితే చెప్పుకుంటారు, వింటారు, బాగాలేదని చెరిపేస్తారు, మళ్లీ చెప్తారు. ఎన్నిసార్లు చెరిపారో ఎవరికీ తెలియదు. మీరే ఆలోచించండి, పొద్దున్నే మందిరంలో ఎవరూ రాకముందు మీరు మైకు పెట్టుకుని చెప్పి చూసుకోరూ?"

చూసుకుంటాను. ఆ సంగతి ఈ పిల్లకి ఎలా తెలుసు? అద్దె వద్దన్నాను.

జూన్ 14, శనివారం

ఫ్యూజు పోయింది. కార్యక్రమం మధ్యలో ఆగింది.

రాయకూడదనుకున్నాను గానీ రాస్తాను. రెండు స్పీకరు పెట్టెలూ నేనే బిగించాను. గొంతు ఎక్కడా పగలకుండా మంచి మట్టం పెట్టాను. దుప్పటి మీద మొదట కూరలమ్మే ఆవిడ వచ్చింది, తక్కెడ గురించి చెప్పింది. బాగుంది. తర్వాత దర్జీ ఆవిడ కత్తెర. తర్వాత మాటలు తీసేసిన ఏదో సినిమా ముక్క, తలుపు దగ్గర ఇద్దరు దెబ్బలాడుకుంటుంటే వీళ్లు తమ గొంతులు పెట్టారు. దానికి నేనూ నవ్వాను.

తర్వాత మా స్టవ్వు వచ్చింది. మా ఆవిడ నోరు తెరిచింది. గోడలు అదిరేలా "గట్టిగా" అని వినబడింది. నేనే. నా పెట్టెల్లోంచి నేనే. "గ్యాస్ స్టవ్ అను." "ఫైర్ అను." "ఆమెన్." ఆమె పెదవులు కదులుతున్నాయి, వినబడేది మాత్రం నేను. తర్వాత బకెట్టు. బకెట్టులో కూడా నేనే. "తళతళ తోమావని చెప్పు. తళతళకి ఇంగ్లీషు లేదా? ఏం భాష ఇది."

ఆడవాళ్లు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "అక్కా, బకెట్టు గురించి బ్రదర్‌గారే బాగా చెప్పారు" అంది కూరలావిడ. టీచరమ్మ నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ.

అప్పుడే ఫ్యూజు పోయింది.

నాకు కోపం లేదు.

జూన్ 15, ఆదివారం

ఆత్మ నన్ను కదిలించింది. లేచి నిలబడి ఉపవాసం ప్రకటించాను. అన్నం మానడం కాదు, ఫోను మానడం. నెలాఖరు దాకా. బొమ్మలు తీసే ఫోన్లన్నీ పాటల పుస్తకాల బీరువాలో. బటన్ల ఫోను ఉన్నవాళ్లు అది ఉంచుకోవచ్చు. తాళంచెవి నా దగ్గర.

"ఎవరు మొదట వస్తారు?" అని అడిగాను. కాసేపు ఎవరూ కదల్లేదు. మా ఆవిడ లేచింది. ఫోనుకి తనే కుట్టుకున్న పూలగుడ్డ సంచి ఉంది. సంచితో సహా పెట్టేసింది. నా ముఖం చూడలేదు, బీరువా అరనే చూసింది. ఆమె వెనకాల వరస కట్టారు.

ఇంటికొచ్చాక ఏమైనా అంటుందేమోనని చూశాను. అన్నం వడ్డించి, "కూరలో ఉప్పు సరిపోయిందా" అంది. అంతే.

దేవుడికి స్తోత్రం. నాకు కోపం లేదు.

జూన్ 17, మంగళవారం

కోపం లేదని మొన్న రాశాను. ఇవాళ కూడా లేదు.

జూన్ 18, బుధవారం

బీరువా మోగుతోంది. సాయంత్రం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నాక లోపలినుంచి కోడి కూసింది. ఎవరిదో అలారం. దాని వెనకే ఇంకొకటి గజ్జెలు కట్టినట్టు. చెప్పులు కుట్టే పెద్దాయన, సంఘంలో అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు, మోకాళ్ల మీద నుంచే నా వైపు వంగాడు.

"బ్రదర్, ఆ కోడి నాది. లోపలికి చెయ్యి పెట్టి నోరు నొక్కి వచ్చేస్తాను, వేరే ఏం చూడను."

"ఉపవాసం అంటే ఉపవాసం."

"అదే మరి. కోడికి తెలియదు కదా."

చార్జింగు అయిపోతే అవే ఊరుకుంటాయన్నాను.

ఇంగ్లీషు క్లాసుకి జనం పలచబడ్డారట. మా ఆవిడ వెళ్తూనే ఉంది. వచ్చాక ఇంట్లో పని చూసుకుంటుంది. సాయంత్రం పూట స్టవ్వు దగ్గర నిలబడ్డాను. ఏం పట్టుకోవాలో తెలియలేదు. చేతులు ఊరికే వేలాడుతున్నాయి. "అడ్డం లేవండి" అంది.

జూన్ 20, శుక్రవారం

టీచరమ్మ మళ్లీ వచ్చింది. నేను దెబ్బలాటకి సిద్ధంగా ఉన్నాను, గ్రంథంలో మూడు చోట్ల కాగితం ముక్కలు పెట్టుకున్నాను. ఆమె దెబ్బలాడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆదివారం సాయంత్రం ఆరింటిలోగా పంపాలి కదండీ, మరి ఎలా?"

"ఏం పంపాలి?"

నా ముఖం చూసి ఆగింది. "మీకు చెప్పలేదా? వార్డులో కుర్చీ పనికి పరీక్ష అదేనండీ. కొత్త రోగి వస్తే ఎలా మాట్లాడతారో చేసి చూపిస్తూ మూడు నిమిషాల వీడియో. ఇచ్చిన నంబరు నుంచే రావాలి, మధ్యలో ఆపి అతికించకూడదు. పెద్ద నర్సు సోమవారమే చెప్పారట. ఆరు దాటితే ఇంక తీసుకోరు."

సోమవారం. అంటే ఫోను బీరువాలో పెట్టిన మర్నాడు. ఆ ఆదివారం నుంచి ఇవాళ్టి దాకా ఆమె నన్ను అడిగింది ఉప్పు సంగతి ఒక్కటే.

టీచరమ్మ తన ఫోను తీసింది. "ఆ రోజు దుప్పటి మీద ఇది కూడా వేయాలనుకున్నానండీ. ఈలోపు మీ ఫ్యూజు పోయింది. ఇంట్లో మనిషి గురించి చెప్పమన్నాను. ఇది ఒక్కటీ ఆవిడ ఆసుపత్రిలో తీసుకున్నారు. ఎక్కడా ఆగలేదు, చూడండి. ఆంప్లిఫైరుకి తగిలించనా?"

వద్దన్నాను. చెవికి ఆనించుకున్నాను.

దుప్పట్లు మడిచే గదిలో మాట్లాడినట్టుంది, ప్రతిధ్వని లేదు. బట్టల మధ్యలో మాట ఎంత మెత్తగా వస్తుందో నాకు తెలుసు. మా ఆవిడ గొంతని పోల్చుకోడానికి క్షణం పట్టింది. ఆ గొంతుకి అంచు ఉంది, నిలకడ ఉంది. ఎన్ని వేదికల మీద ఎన్ని గొంతులు సరిచేశాను. ఈ గొంతు మట్టం ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు.

"మై హజ్బెండ్, బిగ్ వాయిస్" అని మొదలైంది. తర్వాతది నాకు అందలేదు. రెండోసారి పెట్టి టీచరమ్మ తెలుగులో చెప్పింది.

నా భర్తది పెద్ద గొంతు. వీధి చివరికి వినబడుతుంది. డ్యూటీ నుంచి చీకట్లో వస్తుంటే ఆ గొంతు పట్టుకుని నడిచి వస్తాను, భయం ఉండదు. చలికాలంలో ఆ గొంతు పడిపోతుంది. వేడినీళ్లు ఇస్తాను. ఆ రోజు నేను మాట్లాడతాను. ఆయన వింటాడు. చాలా బాగా వింటాడు. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు.

మూడోసారి నేనే పెట్టుకున్నాను.

"ఎప్పుడు ఇంత నేర్చుకుంది?" అని అడిగాను.

"గిన్నెలు తోమేటప్పుడు, బట్టలు పిండేటప్పుడు లోపల్లోపల చెప్పుకుంటారటండీ. పైకి చెప్తే మీరు సాయానికి వస్తారని."

ఆమె వెళ్లాక గ్రంథంలో ఆ ముసలి యాజకుడి కథ తీశాను. మందిరం గుమ్మంలో కూర్చుని, శబ్దం లేకుండా పెదవులు కదుపుతున్న స్త్రీని చూసి, తాగిందనుకుని గద్దించినాయన. ఆ పేజీ మీద ఎన్నిసార్లు చెప్పాను, ఆయన్ని ఎంత దులిపాను. ఆయన ప్రార్థన చూసి తాగుడనుకున్నాడు. నేను ఇంగ్లీషు చూసి ప్రార్థననుకున్నాను. ప్రార్థన కాదని మాత్రం నేనెలా అనగలను.

జూన్ 21, శనివారం

పొద్దున్నే మందిరానికి వెళ్లి బీరువా తీశాను. పూలసంచి కనబడింది. ఎవరూ చూడకుండా అన్నం క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఆమె డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి గోడ పట్టుకుని చెప్పులు విడుస్తోంది.

"ఏంటిది?"

"నీ ఫోను."

"ఉపవాసం అయిపోయిందా?"

"నీకు అయిపోయింది."

"మిగతావాళ్లకి?"

"నెలాఖరుకి."

"నాకెందుకు ముందు? పాస్టరమ్మననా?"

"రేపు పంపాలట కదా. ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్తే ఇచ్చేస్తారని. ఇలాగే, సంచిలో పెట్టి." పీట లాక్కుని మెల్లగా కూర్చుంది. "కూరలమ్మే చెల్లి కూడా నన్ను చూసే పెట్టింది. దానికీ క్లాసు పోయింది. నేను లేచానని వాళ్లందరూ లేచారండీ. ఇప్పుడు నాది నేను తెచ్చేసుకుంటే వాళ్ల ముఖం ఎలా చూడను? అందరి ముందూ పెట్టాను, అందరి ముందూ ఇస్తే తీసుకుంటాను."

"మరి కుర్చీ?"

"లేకపోతే లేదు. ఎత్తడం నాకు కొత్తా?"

ఆ మాట చాలా మామూలుగా అంది. అంటూ నడుము మీద చెయ్యి వేసుకుంది.

తర్వాత తనే అంది. "ఫ్యూజు పోలేదని నాకు తెలుసు."

"మరి నవ్వావెందుకు?"

"నవ్వొచ్చింది, నవ్వాను. ఫోను పట్టుకున్న రోజు మీకంటే నాకే ధైర్యం ఎక్కువుంది. ఎక్కడ తప్పు పోతానోనని మీ గొంతు వణుకుతోంది. ఇంట్లో తెలియలేదు, అక్కడ పెద్దగా పెడితే తెలిసింది. ముద్దొచ్చింది." లేచి కుండలో నీళ్లు ముంచుకుంది. "వెళ్లి ఉన్నచోట పెట్టేసి రండి. అన్నం పెడతాను."

పెట్టేసి వచ్చాను. నా భార్య చెప్తే ఫోను మళ్లీ బీరువాలో పెట్టిన మనిషిని నేను. ఆమె మూడు నిమిషాలు అందులోనే ఉన్నాయి.

జూన్ 22, ఆదివారం, ఉదయం

మందిరంలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా ఎవరూ రాలేదు.

లేఖనంలో దారి వెతికాను. తొందరపడి మొక్కుకుని, అన్న మాట వెనక్కి తీసుకోలేక కన్నకూతుర్నే పోగొట్టుకున్న సేనాని దొరికాడు. నోరు జారినందుకు ఆయన్ని తప్పుపడుతూ గంటలు గంటలు చెప్పినవాణ్ణి. తప్పు నోరు జారడం ఒక్కటే కాదు. జారిందని తెలిశాక కూడా మూసుక్కూర్చోవడం. ఆయన పక్కన ఆ మాట చెప్పేవాళ్లు లేరేమో. నా పక్కన ఉంది, పీట మీద కూర్చుని చెప్పింది.

ప్రసంగం అయ్యాక చెబుదువులే అని లోపల ఒకడు గొణుగుతున్నాడు. వాడి మాట వినకు. ప్రసంగం అయ్యాక జనం ఆకలి మీద ఉంటారు, నువ్వు ఊపు మీద ఉంటావు, ఆ ఊపులో ఇది కూడా ఆత్మ కదిలించిందనే అంటావు. మొదటి పాటకి ముందే చెప్పు. ఈ ఉపవాసం దేవుడు పెట్టింది కాదు, నా ఉడుకుమోత్తనం పెట్టింది అని చెప్పు. నలుగురు నవ్వితే నవ్వనీ. చెప్పుల పెద్దాయన నన్ను కోడి కోసం ఏడిపించావా అంటే తల వంచుకో.

ముందు ఆమెది ఆమె చేతిలో పెట్టు, అందరూ చూస్తుండగా. తర్వాతే మిగతావాళ్లవి. వారంగా పడి ఉంది, ప్రాణం ఉండదు. ఇక్కడున్న ప్లగ్గు ఒక్కటే, అది నీ మైకుది. పీకెయ్. చార్జరు అందులో పెట్టు. ఈ పూట ప్రసంగం లేకపోతే పరలోకం మూతపడదు, సాయంత్రం ఆరింటికి ఆ కుర్చీ మాత్రం పోతుంది. టీచరమ్మకి కబురు పెట్టు, ఫోను ఆమె పట్టుకుంటుంది. నువ్వు బయటికి నడువు. తలుపు వేసి మెట్ల మీద కూర్చో. మూడు నిమిషాలు ఆ నోరు మూసుకో. ఊరేగింపు బండొస్తే ఎదురెళ్లి ఆపు, కుక్క మొరిగితే తోలు, ఆమె గొంతు తప్ప ఇంకేదీ ఆ గదిలోకి పోనివ్వకు.

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడు మొదలైంది. రాసింది చాలు. తాళంచెవి తియ్యి. రేపటికి పెట్టుకోకు, మధ్యాహ్నానికి పెట్టుకోకు. లే, ఇప్పుడే లే.